పత్తి మిల్లు పిల్ల, పట్టు గొడుగు



ప్రతి నెలా ఈ పేజీలో ఒక ప్రముఖ వ్యక్తి జీవితం చెప్పుకుంటున్నాం. ఈ నెల చెప్పుకోబోయే ఆవిడ పేరు టైనీ బ్రాడ్‌విక్. అమెరికా ఆవిడ. ఈ రోజుల్లో మన పిల్లలు ఫోన్లలో కళ్లప్పగించి చూసే స్కైడైవింగ్ ఆటకు దారి వేసినవాళ్లలో ముందు వరసలో ఉన్న మనిషి. విమానంలోంచి పారాచూట్‌తో దూకిన మొట్టమొదటి మహిళ.

అయితే ఆవిడను ఈ పేజీలోకి తీసుకొచ్చింది రికార్డుల కోసం కాదు. ఆవిడ పత్తి మిల్లులో పనిచేసిన పిల్ల. పన్నెండేళ్లకే పెళ్లయి, పదమూడేళ్లకే తల్లయిన పిల్ల. పత్తి, మిరప, పొగాకు పండే మన గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఆడపిల్లల్ని పెంచుతున్న మనకు ఈ జీవితంలో చాలా చోట్ల మన ఊరే కనిపిస్తుంది. పిల్లలకు చదివి వినిపించే ముందు ఒకసారి మీరు చదవండి.

పొగాకు నేల, పత్తి మిల్లు

ఆవిడ అసలు పేరు జార్జియా ఆన్ థాంప్సన్. 1893 ఏప్రిల్ 8న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, గ్రాన్‌విల్ కౌంటీలో పుట్టింది. ఆ ప్రాంతం పొగాకుకు పేరు. మన టంగుటూరు, కొండపి వైపు రైతులు బ్యారన్లలో క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు లాంటిదే అక్కడా పండేది. ఊళ్లలో పత్తి మిల్లులు ఉండేవి. చేలల్లో పని, లేకపోతే మిల్లులో పని. పేదవాళ్లకు అంతకుమించి దారి లేదు.

ఇంట్లో ఏడుగురు ఆడపిల్లలు. ఈ పిల్ల ఆఖరిది. పుట్టినప్పుడు బరువు మూడు పౌండ్లు, అంటే కిలోన్నర కూడా లేదు. బతుకుతుందా అని భయపడాల్సిన బిడ్డ. పెద్దయ్యాక కూడా చిన్నగానే ఉండిపోయింది. ఆమె బరువు ఎప్పుడూ నలభై కిలోలు దాటలేదంటారు. మన మిర్చి యార్డులో హమాలీలు వీపున వేసుకుని మోసే ఒక టిక్కీ కూడా అంతకంటే బరువే ఉంటుంది. అందుకే అందరూ ఆమెను టైనీ అన్నారు. మన భాషలో చెప్పాలంటే బుడ్డిది, పొట్టిది అన్నట్టు. ఆ ముద్దు పేరే చివరికి అసలు పేరైపోయింది.

పన్నెండేళ్ల వయసులో పెళ్లి చేశారు. మరుసటి ఏడాది ఆడపిల్ల పుట్టింది. పేరు వెర్లా. భర్త తోడు ఎంతో కాలం లేదు. చేతిలో పసిబిడ్డ, ఇంట్లో పేదరికం. హెండర్సన్ అనే ఊళ్లోని పత్తి మిల్లులో పనికి చేరింది. పొద్దున చీకటితో వెళ్లి రాత్రి చీకటి పడ్డాక రావడం. మన చిలకలూరిపేట, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసినవాళ్లకు ఆ దూది నుసి గురించి, ఆ మెషిన్ల మోత గురించి వివరించాల్సిన పనిలేదు. అప్పటికి ఆమె వయసు మన స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల వయసు.

ఆ రోజుల్లో అది వింతేమీ కాదు. లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ 1908లో కరోలినా పత్తి మిల్లులన్నీ తిరిగి, మెషిన్ల పక్కన నిలబడి పనిచేస్తున్న చిన్నపిల్లల ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు చూసి అమెరికా జనం ఉలిక్కిపడ్డారు. అయినా బాల కార్మికుల పనిని దేశమంతటా కట్టడి చేసే చట్టం నిలబడేసరికి 1938 వచ్చింది. అంటే ఇంకో ముప్పై ఏళ్లు. టైనీ కోసం ఆ చట్టం రాలేదు. తన దారి తనే వెతుక్కోవాల్సి వచ్చింది.

తిరునాళ్లలో కనిపించిన బెలూన్

1907లో నార్త్ కరోలినా రాజధాని రాలీలో జరిగిన స్టేట్ ఫెయిర్‌కు వెళ్లింది. స్టేట్ ఫెయిర్ అంటే మన కోటప్పకొండ తిరునాళ్ల జనసందోహంలో వ్యవసాయ ప్రదర్శన కూడా కలిసినట్టు అనుకోండి. అక్కడ చార్ల్స్ బ్రాడ్‌విక్ అనే ఆయన బృందం బెలూన్ ప్రదర్శన ఇస్తోంది.

అప్పటి బెలూన్ ప్రదర్శన ఎలా జరిగేదో పిల్లలకు చెబితే ఆసక్తిగా వింటారు. నేలలో కందకం తవ్వి మంట పెట్టేవారు. ఆ వేడి గాలి, పొగ పెద్ద గుడ్డ సంచిలోకి ఎక్కేవి. సంచి ఉబ్బి పైకి లేస్తుంటే పదిమంది మనుషులు తాళ్లు పట్టుకుని ఆపేవారు. కింద ఉయ్యాల బల్ల లాంటి ఒక కర్ర. దాని మీద మనిషి కూర్చునేవాడు. తాళ్లు వదలగానే బెలూన్ ఒక్కసారిగా ఆకాశంలోకి. కావలసినంత ఎత్తుకు వెళ్లాక ఆ మనిషి బెలూన్ నుంచి విడివడి, పారాచూట్‌తో కిందికి దిగేవాడు. మనిషి బరువు పోగానే బెలూన్ తలకిందులై, పొగంతా వదిలి, మరోచోట కూలేది. బెలూన్‌ను నడిపే స్టీరింగ్ లేదు. గాలి ఎటు తీసుకెళ్తే అటే.

అది చూసిన టైనీ ఇంక మిల్లుకు తిరిగి వెళ్లాలనుకోలేదు. బ్రాడ్‌విక్‌ను కలిసి తననూ బృందంలో చేర్చుకోమని అడిగింది. పొట్టిగా, తేలిగ్గా ఉన్న అమ్మాయి దూకితే జనం ఎగబడి చూస్తారని ఆయనకూ అర్థమైంది. కానీ ఆమె మైనరు. వాళ్లమ్మ ఒప్పుకోవాలి.

ఈ జీవితం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ ఘట్టమే. ఆ తల్లి పేరు ఎమ్మా. పేదరాలు. ఏడుగురు కూతుళ్లను కన్న మనిషి. చిన్న కూతురి పెళ్లి అప్పటికే చితికిపోయింది. ఊళ్లో ఎవరు ఏమనుకుంటారో ఆలోచించుకుని, మనవరాలిని చూపించి, కుదరదు పో అని ఉంటే ఆ కథ అక్కడితో ముగిసిపోయేది. ఆమె అలా అనలేదు. పసిపిల్ల వెర్లాను తన దగ్గర ఉంచుకుంది. కూతుర్ని వెళ్లనిచ్చింది. టైనీ సంపాదించిన దాంట్లో ఇంటికి డబ్బు పంపుతూ ఉండేది. బంధుత్వం లేని ఆడపిల్ల ఒక బృందంతో ఊళ్లు తిరగడం బాగుండదని బ్రాడ్‌విక్ ఆమెను చట్టప్రకారం దత్తత తీసుకున్నాడు. జార్జియా థాంప్సన్ అలా టైనీ బ్రాడ్‌విక్ అయింది.

అయితే ఇందులో నష్టమే లేదని కూడా అనలేం. తల్లి దగ్గర పెరగాల్సిన వెర్లా అమ్మమ్మ దగ్గర పెరిగింది. అది చిన్న విషయం కాదు. పదమూడేళ్లకు తల్లి కావాల్సి వచ్చిన పిల్లకు ఏ దారి పట్టినా ఏదో ఒకటి కోల్పోక తప్పదు. ఆ కోల్పోవడం టైనీ తప్పు కాదు, పన్నెండేళ్లకు ఆమెకు పెళ్లి చేసిన రోజుల తప్పు.

బొమ్మ గౌనులో ధైర్యశాలి

1908 డిసెంబర్ 28న టైనీ మొదటిసారి బెలూన్ నుంచి దూకింది. వయసు పదిహేనేళ్లు. అక్కడి నుంచి ఊరూరా ప్రదర్శనలే.

జనాన్ని ఆకర్షించడానికి బ్రాడ్‌విక్ ఆమెకు బొమ్మ వేషం వేయించేవాడు. కుచ్చుల గౌను, గులాబీ రంగు రిబ్బన్లు, తల మీద చిన్నపిల్లల టోపీ. పోస్టర్ల మీద బొమ్మ పిల్ల అనే ప్రచారం. ఆ వేషం ఆమెకు ఏమాత్రం నచ్చేది కాదు. చేసేది ప్రాణాలతో చెలగాటమైన పని, వేసేది బొమ్మ వేషం. చూసేవాళ్లకు రిబ్బన్లు కనిపించేవి. తాళ్ల ముళ్లు, గుడ్డ మడతలు, గాలి వాటం లెక్కలు ఎవరికీ కనిపించేవి కావు.

దిగే చోటు మన చేతిలో ఉండదు కాబట్టి ప్రమాదాలూ తప్పలేదు. చెట్ల మీద పడింది. గాలిమర మీద పడింది. కరెంటు తీగల దగ్గర దిగింది. ఒకసారి కదులుతున్న రైలు చివరి పెట్టె పైన పడింది. చెయ్యి విరిగింది, భుజం కీలు తప్పింది. నయం కాగానే మళ్లీ దూకేది.

ఇది చదివి ఎంత మొండి పిల్లో అనుకోవడం సహజం. మొండితనం ఒక్కటే ఉంటే ఆమె వెయ్యికి పైగా దూకుళ్లు దూకి ఎనభై అయిదేళ్లు బతికేది కాదు. పారాచూట్ పనిచేయడం, చేయకపోవడం ఎక్కువగా నేల మీదే తేలిపోతుంది. పట్టు గుడ్డను ఎక్కడా మెలిక లేకుండా పరచాలి. ఒక్కో తాడునూ విడదీసి సరిచూడాలి. ఒకే తీరుగా మడవాలి. ఒక్క మడత తప్పుగా పడితే పైన సరిచేసుకునే వ్యవధి ఉండదు. ఆ పనిలో ఆమె ఆరితేరింది. పైన కనిపించే పది నిమిషాల ధైర్యం వెనక కింద గంటల తరబడి శ్రద్ధ ఉంది.

విమానం వచ్చింది

రైట్ సోదరులు 1903 డిసెంబర్ 17న మొదటిసారి విమానం ఎగరేసింది కూడా నార్త్ కరోలినాలోనే. టైనీ సొంత రాష్ట్రంలో. పదేళ్లు తిరక్కుండానే విమానాలు ఊరూరా ప్రదర్శనలకు రావడం మొదలైంది. జనానికి బెలూన్ల మీద మోజు తగ్గింది. 1912లో ఆల్బర్ట్ బెర్రీ అనే ఆయన విమానంలోంచి పారాచూట్‌తో దూకాడు. ఆడవాళ్లెవరూ అప్పటికి దూకలేదు.

లాస్ ఏంజిల్స్‌లో గ్లెన్ మార్టిన్ అనే విమాన నిర్మాత టైనీ ప్రదర్శన చూశాడు. ఈ మార్టిన్ పెట్టిన కంపెనీయే కాలక్రమంలో పెరిగి, విలీనాలు జరిగి, ఇవాళ లాక్‌హీడ్ మార్టిన్ అనే పేరులో మిగిలింది. ఆయన తన విమానంలోంచి దూకమని టైనీని అడిగాడు.

1913 జూన్ 21న లాస్ ఏంజిల్స్‌లోని గ్రిఫిత్ పార్క్ పైన అది జరిగింది. అప్పటి విమానానికి ఇప్పటిలా తలుపులు, కిటికీలు లేవు. రెక్క వెనకాల బయటికి వేలాడే చిన్న సీటు మీద టైనీ కూర్చుంది. సుమారు 2,000 అడుగుల ఎత్తుకు వెళ్లాక ఒక మీట లాగింది. సీటు కిందికి జారిపోయింది. 2,000 అడుగులంటే 600 మీటర్లు. మన నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు సుమారు 124 మీటర్లు. అలాంటి డ్యాములు దాదాపు ఐదు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో, అంత ఎత్తు. పట్టు గొడుగు విచ్చుకుంది. ఆమె క్షేమంగా నేల మీద దిగింది. విమానం నుంచి పారాచూట్‌తో దూకిన మొదటి మహిళగా చరిత్రలో నిలిచింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. తర్వాత షికాగో దగ్గర మిషిగన్ సరస్సులోకి కూడా దూకింది. పారాచూట్‌తో నీళ్లలో దిగిన మొదటి మహిళ కూడా ఆమెనే అంటారు.

ఆమె వీపుకు కట్టుకున్నది చార్ల్స్ బ్రాడ్‌విక్ తయారుచేసిన కొత్త రకం పారాచూట్. అంతకు ముందు పారాచూట్ బెలూన్‌కు పక్కన వేలాడేది. ఈయన దాన్ని మడిచి, స్కూల్ బ్యాగులా వీపుకు తగిలించుకునే కోటులో పెట్టాడు. ఆ సంచికి ఒక తాడు. తాడు రెండో కొస విమానానికి కట్టి ఉంటుంది. మనిషి దూకగానే తాడు బిగుసుకుని సంచి తెరుస్తుంది, పారాచూట్ బయటికి వస్తుంది, ఆ తర్వాత తాడు తెగిపోతుంది. దీన్ని స్టాటిక్ లైన్ అంటారు. సైన్యంలో పారాట్రూపర్లు ఇప్పటికీ ఈ పద్ధతిలోనే దూకుతారు.

తాడు కోసిన రోజు

1914లో శాన్ డియాగోలో అమెరికా సైన్యం అధికారుల ముందు ఈ పారాచూట్ పనితీరు చూపించే అవకాశం వచ్చింది. విమానం నడిపే పైలట్ల ప్రాణాలు కాపాడటానికి ఇది పనికొస్తుందా అనేది ప్రశ్న. దూకి చూపించాల్సింది టైనీ.

మొదటి దూకుళ్లు బాగానే జరిగాయి. నాలుగోసారి దూకినప్పుడు స్టాటిక్ లైన్ విమానం తోకకు చుట్టుకుంది. గాలి విసురుకు ఆమె విమానం వెనక వేలాడుతూ ఉండిపోయింది. ఎలాగో విడిపించుకుని కిందికి దిగింది.

అక్కడితో ఆపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె ఏం జరిగిందో ఆలోచించింది. లోపం పారాచూట్‌ది కాదు, తాడుది. తాడు ఉన్నంత కాలం అది తోకకు చుట్టుకునే ప్రమాదమూ ఉంటుంది. మరి తాడు లేకుండా సంచిని ఎవరు తెరుస్తారు? తన చెయ్యే తెరవాలి. తర్వాతి దూకుడుకు ఆమె ఆ తాడును పొట్టిగా కోసి, కొసను తన దగ్గరే ఉంచుకుంది. విమానం నుంచి దూకి, కొంత దూరం ఉత్తగా పడి, తర్వాత తన చేత్తో లాగింది. పారాచూట్ తెరుచుకుంది.

పారాచూట్ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది మనిషి కావాలని చేసిన మొదటి ఫ్రీఫాల్‌గా దీన్నే చెబుతారు. ఫ్రీఫాల్ అంటే పారాచూట్ తెరవకుండా కొంతసేపు గాలిలో పడటం. స్కైడైవింగ్ అనే ఆటకు మూలం అదే. అంతవరకు పారాచూట్ అంటే దిగడానికి ఒక సాధనం. తాడు లేకపోవడంతో ఎప్పుడు తెరవాలో మనిషే నిర్ణయించుకునే వీలు వచ్చింది.

సైన్యం వెంటనే కళ్లు తెరిచిందా అంటే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా పైలట్లు పారాచూట్లు లేకుండానే పోరాడారు, మంటల్లో చిక్కుకున్న విమానాలతో పాటే కూలిపోయారు. యుద్ధం ముగిశాక, 1919 ఏప్రిల్ 28న లెస్లీ ఇర్విన్ అనే ఆయన చేత్తో లాగి తెరిచే పారాచూట్‌తో సైన్యం ముందు దూకి చూపించాడు. ఆ తర్వాతే అది పైలట్లందరికీ తప్పనిసరి సరంజామాగా మారింది. రిబ్బన్ల పిల్ల ఐదేళ్ల ముందే చూపించిన సంగతి అది.

ఆట ఆగాక

1912లో ఒకసారి, 1916లో మరోసారి పెళ్లి చేసుకుంది. రెండూ నిలవలేదు. రెండో పెళ్లి తర్వాత నాలుగేళ్లు దూకడం మానేసింది. 1920లో మళ్లీ మొదలుపెట్టింది. కాలి మడమల నొప్పులు ఎక్కువ కావడంతో 1922లో ఆఖరుసారి దూకింది. అప్పటికి వయసు ఇరవై తొమ్మిది. మొత్తం 1,100కు పైగా దూకుళ్లు.

ఆ తర్వాత పేరు లేదు, డబ్బూ లేదు. కాలిఫోర్నియాలో మామూలు మనిషిలా బతికింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల ఫ్యాక్టరీలో పనిచేసింది. పెద్దవాళ్లకు ఇంట్లో తోడుగా ఉండే పని కూడా చేసింది. ఒకప్పుడు వేలమంది తలెత్తి చూసిన మనిషి పక్క వీధిలోనే ఉందని ఇరుగుపొరుగుకు తెలియని రోజులు గడిచాయి.

ఈలోగా ఆమె వేసిన దారిలో ఒక ఆట పెరుగుతోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పారాచూటింగ్ క్రీడగా మారింది. 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. గాలిలో శరీరాన్ని అదుపులో పెట్టడం, గురి చూసి చిన్న గుర్తు మీద దిగడం, పదిమంది చేతులు కలిపి ఆకాశంలో ఆకారాలు కట్టడం వచ్చాయి. ఆట పెరిగినకొద్దీ, ఇది ఎక్కడ మొదలైందని వెనక్కి చూసినవాళ్లకు టైనీ కనిపించింది.

ఆలస్యంగానైనా గౌరవం దక్కింది. తొలినాళ్ల విమానయాన వీరుల సంఘమైన ఎర్లీ బర్డ్స్‌లో ఉన్న అతి కొద్దిమంది మహిళల్లో ఆమె ఒకరు. 1964లో తన పట్టు పారాచూట్‌ను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన నేషనల్ ఎయిర్ మ్యూజియానికి ఇచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. గులాబీ రిబ్బన్లు కాదు, తాను మడిచిన పట్టు గుడ్డ మ్యూజియంలోకి వెళ్లింది. దాచుకోవాల్సింది ఏదో చరిత్రకు చివరికి తెలిసింది.

1978 ఆగస్టు 25న, ఎనభై అయిదేళ్ల వయసులో కాలిఫోర్నియాలో కన్నుమూసింది. పత్తి మిల్లులో పనిచేసిన హెండర్సన్ ఊళ్లోనే ఆమెను సమాధి చేశారు.

మన దగ్గర

మన దేశంలో 1941లో లెఫ్టినెంట్ ఏ. జి. రంగరాజ్ అనే సైనిక వైద్యుడు, మథురా సింగ్ పారాచూట్‌తో దూకారు. భారత సైన్యంలో దూకిన తొలి భారతీయులు వాళ్లే. ఇప్పుడు ఆగ్రాలో మన పారాట్రూపర్లకు శిక్షణ ఇచ్చే పెద్ద స్కూలు ఉంది. 1979లో రాచెల్ థామస్ స్కైడైవింగ్ చేసిన తొలి భారతీయ మహిళ అయ్యారు. 2002లో ఉత్తర ధ్రువం మీద దూకారు. 2005లో పద్మశ్రీ అందుకున్నారు. 2004లో ఉత్తర ధ్రువం మీద దూకిన శీతల్ మహాజన్‌కు 2011లో పద్మశ్రీ వచ్చింది. టైనీ చేతిలోని ఆ పొట్టి తాడు ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఇంకో విషయం కూడా మాట్లాడుకోవాలి. టైనీకి పన్నెండేళ్లకు పెళ్లయింది అంటే అయ్యో పాపం, ఆ రోజుల్లో అలా ఉండేది అనుకుంటాం. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. పది మందిలో ముగ్గురు. దేశం మొత్తం మీద ఇది సుమారు 23 శాతం. అంటే దేశం కంటే మనమే వెనకబడి ఉన్నాం. ఇది పాత రోజుల కథ కాదు.

మన పిల్లలు మంచి స్కూల్లో చదువుతున్నారు, మనకెందుకు అనుకోవచ్చు. కానీ పదో తరగతి ఫలితాలు వచ్చే వేసవిలోనే సంబంధాల మాటలు కూడా మొదలవుతాయి. మంచి సంబంధం, మళ్లీ దొరకదు అంటారు. మిర్చి ధర బాగున్న ఏడాది చేతిలో డబ్బుందని, ధర పడిపోయిన ఏడాది భారం దిగిపోతుందని, ఏదో ఒక కారణం దొరుకుతుంది. మన ఇంట్లో కాకపోయినా మన చేలో మిరప కోతలకు, పత్తి తీతలకు వచ్చే కూలీల ఇళ్లలో ఉంటుంది. బాల్య వివాహ నిషేధ చట్టం, 2006 ప్రకారం ఆడపిల్లకు పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరం. ఎక్కడైనా అలాంటిది జరుగుతోందని తెలిస్తే 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసినవాళ్ల పేరు బయటపెట్టరు.

టైనీ జీవితం నుంచి మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఆకాశంలోంచి దూకమని కాదు. పదిహేనేళ్ల పిల్లను బెలూన్ ఎక్కించడం ఇవాళ ఎవరూ చేయరు, చేయకూడదు. ధైర్యం అంటే భయం లేకపోవడం కాదు, నేల మీద ఉన్నప్పుడే ప్రతి మడతనూ సరిచూసుకోవడం అని నేర్చుకోవాలి. నాలుగోసారి తాడు చిక్కుకున్నప్పుడు తనను తాను తిట్టుకోకుండా, తాడును పరిశీలించడం నేర్చుకోవాలి. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గిన రోజున కూడా అదే పద్ధతి పనికొస్తుంది. ఎక్కడ చిక్కుకుందో చూసి, అక్కడ కోసి, మళ్లీ ప్రయత్నించడం.

పెద్దవాళ్లం మనం నేర్చుకోవాల్సింది ఎమ్మా థాంప్సన్ నుంచి. ఆమె పెద్ద చదువులు చదవలేదు, పెద్ద మాటలు చెప్పలేదు. మనవరాలిని ఎత్తుకుని, కూతురికి చేతులు ఖాళీ చేసి ఇచ్చింది. మన ఊళ్లలో ఎంతమంది అమ్మమ్మలు, నాయనమ్మలు ఇలాగే పిల్లల్ని చూసుకుంటూ కూతుళ్లను, కోడళ్లను బీఈడీకో, నర్సింగ్‌కో, ఉద్యోగానికో పంపుతున్నారో మనకు తెలుసు. ఏ సన్మాన సభలోనూ వాళ్ల పేరు చదవరు. ఈ పేజీలో మాత్రం వాళ్లకు నమస్కారం చెప్పుకుందాం.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

ఒక చేతి రుమాలు తీసుకోండి. నాలుగు మూలలకు ఒకే పొడవున్న నాలుగు దారాలు కట్టండి. దారాల కొసలన్నీ కలిపి ఒక చిన్న రబ్బరుకో, ఖాళీ దారపు ఉండకో కట్టండి. పెద్దవాళ్లు పక్కన ఉండగా మేడ మీది నుంచి వదలండి. ఎన్ని సెకన్లలో కింద పడిందో రాసుకోండి. తర్వాత రుమాలు బదులు అంతే సైజు పల్చటి క్యారీ బ్యాగు ముక్కతో చేయండి. దాని మధ్యలో చిన్న రంధ్రం పెట్టి మళ్లీ వదలండి. రంధ్రం పెట్టాక అటూ ఇటూ ఊగడం తగ్గుతుంది. అసలైన గుండ్రటి పారాచూట్లకు కూడా నడినెత్తిన అలాంటి రంధ్రం ఉంటుంది. లోపల చేరిన గాలి పక్కల నుంచి ఎగదన్నకుండా ఆ దారిలో నిదానంగా బయటికి పోతుంది. ఇది పై తరగతుల్లో గాలి నిరోధం పాఠానికి కూడా పనికొస్తుంది.

రుమాలు మడిచి వదిలేది మాత్రం పిల్లలే కావాలి. మొదటిసారి చిక్కుపడితే మీరు సరిచేసి ఇవ్వకండి. ఏ దారం ఎక్కడ చిక్కుకుందో వాళ్లనే చూసుకోనివ్వండి.